బ్రెస్ట్ క్లినిక్ పిలుపు వచ్చేదాకా: ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగు ఆడవాళ్ళ కోసం

స్నానం చేస్తుండగా కుడి రొమ్ము పైభాగంలో శనగగింజంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. మర్నాడు పొద్దున ఎనిమిది కాగానే జీపీ సర్జరీకి (మా ఏరియా డాక్టరు క్లినిక్‌కి) ఫోన్ చేసి, లైన్లో చాలాసేపు ఆగి, అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. డాక్టరమ్మ చూసి, "బ్రెస్ట్ క్లినిక్‌కి అర్జెంట్ రిఫరల్ పంపుతున్నాను, వాళ్ళే పిలుస్తారు" అంది. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాను. నేనెక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయిన సంగతి కూడా నాకు తెలియలేదు.

అక్కడినుంచి క్లినిక్ రోజు వరకు పదమూడు రోజులు పట్టింది. ఆ గడ్డ ఫైబ్రోఅడినోమా అని తేలింది, క్యాన్సర్ కాదు. కానీ ఆ పదమూడు రోజులూ నేను గడిపిన తీరు మాత్రం సరైనది కాదు. చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. సరిగ్గా నిద్రపోలేదు. చదవకూడనివన్నీ ఫోన్లో చదివాను. తర్వాత తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇదే దారిలో నడుస్తూ నాకు ఫోన్ చేసినప్పుడు, నేను చేయని పనులన్నీ వాళ్ళతో చేయించాను. అవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇదంతా ఇంగ్లండ్‌లోని ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్యసేవ) పద్ధతి. స్కాట్లాండ్, వేల్స్‌లలో గడువుల లెక్క కొంచెం వేరు.

1. "అర్జెంట్" అన్న మాటను అర్థం చేసుకోండి

మన ఊళ్ళో డాక్టరు అర్జెంట్ అన్నాడంటే ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. ఇక్కడ అది ఒక క్యూ పేరు మాత్రమే. 2015లో నైస్ అనే సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 30 ఏళ్ళు, అంతకు పైబడినవాళ్ళకు రొమ్ములో కారణం తెలియని గడ్డ కనిపిస్తే జీపీ ఈ క్యూలోనే పంపాలి. నొప్పి ఉన్నా లేకపోయినా అంతే. చంకలో గడ్డ ఉన్నా, చర్మంలో అనుమానించదగ్గ మార్పు కనిపించినా ఇదే దారిలో పంపే వీలుంది. 30 లోపు వాళ్ళను మామూలు క్యూలో పంపవచ్చు. కాబట్టి డాక్టరమ్మ మొహం సీరియస్‌గా పెట్టిందనీ, ఏదో దాచిందనీ ఊహించుకోకండి. ఆమె రూలు ప్రకారం నడుచుకుంది, అంతే.

ఇంతకుముందు దీన్ని "టూ వీక్ వెయిట్" అనేవాళ్ళు, ఇప్పటికీ చాలామంది అలాగే అంటారు. 2023 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్‌లో లెక్క మారింది. రిఫరల్ అందిన 28 రోజుల్లోపు మీకు క్యాన్సర్ ఉందనో లేదనో చెప్పాలన్నది ఇప్పటి లక్ష్యం. అన్ని ఆసుపత్రులూ ప్రతిసారీ ఆ గడువును అందుకోలేవు. అయినా గడువు ఎంతో తెలిసి ఉంటే, ఎప్పుడు ఫోన్ చేసి అడగాలో మీకు తెలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన లెక్క ఉంది. ఇలా బ్రెస్ట్ క్లినిక్‌కి వెళ్ళేవాళ్ళలో పది మందికి తొమ్మిది మందికి పైగా క్యాన్సర్ ఉండదు. ఎక్కువగా కనిపించేవి మామూలు గడ్డలు: 20లు, 30లలో ఉన్నవాళ్ళకు వచ్చే ఫైబ్రోఅడినోమా, 35 నుంచి 50 మధ్య ఎక్కువగా వచ్చే నీటి తిత్తులు, నెలసరితో పాటు వచ్చిపోయే గట్టిదనం. దెబ్బ తగిలిన చోట కొవ్వు గట్టిపడినా గడ్డలాగే చేతికి తగులుతుంది. "నొప్పి లేని గడ్డంటే క్యాన్సరే" అని మనవాళ్ళలో ఒక మాట ఉంది. అది నిజం కాదు, ఫైబ్రోఅడినోమా కూడా సాధారణంగా నొప్పి పెట్టదు. అలాగని "నొప్పి ఉంది కదా, పర్లేదు" అనుకుని అపాయింట్‌మెంట్ మానుకోవడమూ తప్పే.

మీ అమ్మగారో అత్తగారో ఇక్కడే స్థిరపడి, 50 నుంచి 71 మధ్య వయసులో మూడేళ్ళకోసారి వచ్చే స్క్రీనింగ్ మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తర్వాత మళ్ళీ రమ్మని ఉత్తరం అందుకుంటే లెక్క వేరుగా ఉంటుంది. స్క్రీనింగ్‌కి వెళ్ళిన 100 మందిలో సుమారు నలుగురిని మళ్ళీ పిలుస్తారు. ఆ నలుగురిలో ఒకరికి క్యాన్సర్ అని తేలుతుంది. అంటే మళ్ళీ పిలుపు అందుకున్నవాళ్ళలో కూడా నలుగురికి ముగ్గురు నిశ్చింతగా ఇంటికి వస్తారు.

2. ఫోను, చిరునామా, తేదీ

దిగులును పక్కన పెట్టి మొదటి రోజే చేయాల్సిన పనులివి.

జీపీ రిసెప్షన్‌కి ఫోన్ చేసి, మీ మొబైల్ నంబరు, ఇంటి చిరునామా వాళ్ళ దగ్గర సరిగ్గా ఉన్నాయో లేదో కనుక్కోండి. అద్దె ఇల్లు మారినప్పుడు జీపీ దగ్గర పాత చిరునామా అలాగే ఉండిపోవడం మనలో చాలామందికి జరిగేదే. రిఫరల్ వెళ్ళిందా, ఏ తేదీన వెళ్ళిందని కూడా అడిగి రాసుకోండి.

ఆసుపత్రి నుంచి వచ్చే ఫోను చాలాసార్లు నంబరు కనిపించకుండా "నో కాలర్ ఐడీ" అని వస్తుంది. తెలియని నంబర్లు ఎత్తకూడదని మనకు అలవాటు. నేనూ అలాగే రెండుసార్లు కట్ చేశాను. అవి క్లినిక్ నుంచి వచ్చాయని తర్వాత తెలిసింది, దాంతో మూడు రోజులు వృథా అయ్యాయి. ఈ కొన్ని రోజులు ప్రతి ఫోనూ ఎత్తండి. తెలియని నంబర్లను సైలెంట్ చేసే సెట్టింగ్ ఉంటే తీసేయండి. మీటింగ్‌లో ఉన్నా, "ఆసుపత్రి ఫోను రావాలి" అని ముందే చెప్పి పక్కకు వెళ్ళండి. ఎన్‌హెచ్‌ఎస్ యాప్ కూడా రోజుకోసారి చూడండి. వారం దాటినా ఏ కబురూ రాకపోతే జీపీకి మళ్ళీ ఫోన్ చేయండి. అలా అడిగితే విసుక్కుంటారేమో అనుకోకండి, అడగడం మీ హక్కు.

ఈలోగా ఇండియా టికెట్లు బుక్ అయి ఉంటే, చెప్పకుండా వెళ్ళిపోకండి. అపాయింట్‌మెంట్‌కి వెళ్ళకపోతే మళ్ళీ జీపీ దగ్గరికి తిప్పి పంపవచ్చు, అప్పుడు క్యూ మొదటికి వస్తుంది. పెళ్ళికో గృహప్రవేశానికో వెళ్ళాలంటే ప్రయాణాన్ని నాలుగు రోజులు వాయిదా వేసుకోండి.

ఇంకొక్క మాట. రొమ్ము ఎర్రబడి వేడిగా అనిపించినా, జ్వరం వచ్చినా, పాలిచ్చే తల్లికి చలిజ్వరంతో పాటు రొమ్ము గట్టిపడినా క్లినిక్ తేదీ కోసం ఆగకండి. అదే రోజు జీపీకి గానీ ఎన్‌హెచ్‌ఎస్ ఫోన్ లైన్ 111కి గానీ ఫోన్ చేయండి. అది ఇన్‌ఫెక్షన్ అయితే మందు వెంటనే మొదలుపెట్టాలి.

3. ఒక్కరికైనా చెప్పండి

మన ఇళ్ళలో ఈ సంగతి పైకి మాట్లాడరు. రొమ్ము అన్న మాటకే గొంతు తగ్గిస్తాం. "ఎవరికీ చెప్పకు, దిష్టి తగులుతుంది", "పిల్ల పెళ్ళికి అడ్డు వస్తుంది", "అత్తగారికి తెలిస్తే ఏమనుకుంటుందో" లాంటి మాటలన్నీ మనం విన్నవే. ఇక్కడ పరాయి దేశంలో ఆ మౌనం ఇంకా బరువు. చుట్టూ అక్కలు, పిన్నులు ఉండరు. భర్త పని ఒత్తిడిలో ఉంటాడు. అమ్మకు చెబితే దాదాపు అయిదువేల మైళ్ళ దూరంలో ఆమె తిండి మానేస్తుందని భయం.

నేను ఎనిమిది రోజులు మా ఆయనకు కూడా చెప్పలేదు. తొమ్మిదో రోజు రాత్రి ఒంటిగంటకు వంటింట్లో కూర్చుని ఉంటే ఆయన లేచి వచ్చి అడిగాడు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అపాయింట్‌మెంట్ ఎప్పుడో చెప్పు, సెలవు పెడతాను" అన్నాడు. గడ్డ అలాగే ఉంది, రోజులూ తగ్గలేదు. అయినా ఆ రాత్రి నాలుగు గంటలు నిద్రపోయాను.

అందరికీ చెప్పాల్సిన పని లేదు. ఎవరు విని ఊరుకోగలరో, ఎవరు తోడు రాగలరో చూసుకుని ఒక్కరికి చెప్పండి. చెప్పేటప్పుడు మీకేం కావాలో కూడా చెప్పండి. "సలహాలొద్దు, ఊరికే విను" అనవచ్చు. "ఆ రోజు పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురా" అనవచ్చు. ఏం చేయాలో తెలియక మనవాళ్ళు సలహాలు మొదలుపెడతారు: ఆముదం పట్టీ వేయమంటారు, పసుపు రాయమంటారు, ఫలానా హోమియో మందుతో గడ్డ కరిగిపోయిందంటారు. ప్రేమతోనే చెబుతారు, కోప్పడకండి. కానీ ఏదీ రాయకండి. చర్మం మండి ఎర్రబడితే, అది జబ్బు వల్ల వచ్చిందా మందు వల్ల వచ్చిందా అని డాక్టరుకు తికమకగా ఉంటుంది.

అమ్మకు చెప్పాలా వద్దా అన్నది ఎక్కువమంది నన్నడిగే ప్రశ్న. నా సమాధానం ఎప్పుడూ ఒకటే. ఆమె ఆరోగ్యం తట్టుకోగలిగితే చెప్పండి. తట్టుకోలేదనిపిస్తే కనీసం కుటుంబ చరిత్ర గురించి అడగండి. అమ్మ వైపు, నాన్న వైపు ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయ క్యాన్సర్ గానీ వచ్చిందా, ఏ వయసులో వచ్చిందని క్లినిక్‌లో తప్పక అడుగుతారు. నాన్న వైపు చరిత్ర కూడా అంతే ముఖ్యం. మన ఇళ్ళలో ఈ సమాచారం "పాపం, ఆడవాళ్ళ జబ్బుతో పోయింది" అన్న ఒక్క ముక్కలో ఉండిపోతుంది. కొంచెం తవ్వాలి. నేను క్లినిక్‌కి వెళ్ళే ముందు రోజు అమ్మను ఈ ప్రశ్నే అడిగాను. కాసేపు ఫోన్లో నిశ్శబ్దం. తర్వాత చెప్పింది, తనకు 34 ఏళ్ళప్పుడు అలాంటి గడ్డే వస్తే గుంటూరులో తీయించుకుందట. మామూలు గడ్డేనట. నాన్నకూ అమ్మమ్మకూ తప్ప ఎవరికీ చెప్పలేదట. "ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "ఎలా చెప్పాలో తెలియలేదు" అంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేని పరిస్థితి ఉంటే, బ్రెస్ట్ క్యాన్సర్ నౌ సంస్థ హెల్ప్‌లైన్ 0808 800 6000 ఉంది. ఉచితం. క్యాన్సర్ అని తేలనివాళ్ళు, పరీక్షల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు కూడా అక్కడి నర్సులతో మాట్లాడవచ్చు. క్యాన్సర్ విషయంలో సాయం చేసే మాక్‌మిలన్ సంస్థ నంబరు 0808 808 00 00. ఇంగ్లిష్‌లో ఇబ్బందిగా ఉంటే దుభాషి కావాలని అడగవచ్చు.

చిన్నపిల్లలకు వివరాలు అక్కర్లేదు. కానీ మీరు చిరాగ్గా ఉన్న సంగతి వాళ్ళకు తెలిసిపోతుంది. "అమ్మకు ఒక చిన్న పరీక్ష ఉంది, అందుకే కొంచెం అలసటగా ఉంది, నీ తప్పేం లేదు" అంటే చాలు. ఆఫీసులో "మెడికల్ అపాయింట్‌మెంట్" అని చెబితే సరిపోతుంది, ఏ శరీరభాగమో చెప్పనవసరం లేదు.

"నేనేం పాపం చేశాను" అన్న ఆలోచన వస్తుంది, నాకూ వచ్చింది. రొమ్ములో గడ్డ పాపం వల్ల రాదు, మీరు తిన్న ఒక తిండి వల్లా రాదు, టైట్ బ్రా వల్లా రాదు.

4. వెతకడానికి ఒక హద్దు పెట్టుకోండి

రాత్రి పడుకుని "రొమ్ములో గడ్డ" అని టైప్ చేస్తే ఏమొస్తుందో తెలుసు కదా. ఒక వీడియో చూస్తే ఇంకో పది వస్తాయి. అందులో భయపెట్టేవి ముందుంటాయి, మామూలు గడ్డతో ఇంటికెళ్ళిపోయినవాళ్ళు వీడియోలు తీయరు. నేను మూడో రోజుకే కీమోథెరపీ మందుల పేర్లు చదువుతున్నాను, అప్పటికి నన్ను ఇంకా ఎవరూ స్కాన్ కూడా చేయలేదు.

పూర్తిగా మానేయమంటే ఎవరూ మానరు. కాబట్టి ఇలా చేయండి. ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైటు, బ్రెస్ట్ క్యాన్సర్ నౌ వెబ్‌సైటు, ఈ రెండే చదవండి, అదీ పగటిపూట. క్లినిక్‌లో ఏం జరుగుతుందన్నంత వరకే చదవండి, చికిత్సల జోలికి వెళ్ళకండి. రాత్రి తొమ్మిది తర్వాత ఈ విషయం మీద ఏమీ వెతకనని మాటిచ్చుకోండి. ఏదైనా సందేహం వస్తే దాన్ని కాగితం మీద రాయండి. ఆ కాగితమే క్లినిక్‌కి తీసుకెళ్తారు.

వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటివి అడగకండి. మీ పేరు లేకుండా "ఒక ఫ్రెండ్‌కి" అని అడిగినా అందరికీ తెలిసిపోతుంది.

5. చెయ్యి అక్కడికి పోకుండా

రోజుకు ఇరవైసార్లు నొక్కి చూస్తాం. పెరిగిందా, తగ్గిందా, ఇంకోటి వచ్చిందా. అలా నొక్కడం వల్ల ఆ చోటు కమిలి నొప్పి పుడుతుంది, ఆ నొప్పిని మళ్ళీ కొత్త లక్షణం అనుకుని ఇంకా భయపడతాం. పైగా నెలసరికి ముందు రొమ్ములు సహజంగానే గట్టిగా, ముడులు ముడులుగా ఉంటాయి.

మొదటి రోజే ఒకసారి రాసుకోండి: ఏ రొమ్ము, ఏ వైపు, ఎప్పుడు గమనించారు, మీ ఆఖరి నెలసరి ఎప్పుడు, చనుమొన నుంచి ఏదైనా స్రావం ఉందా. ఆ తర్వాత క్లినిక్ రోజుదాకా దాన్ని డాక్టరుకు వదిలేయండి. చెయ్యి అటు వెళ్ళినప్పుడల్లా చేతికి వేరే పని ఇవ్వండి. మా స్నేహితురాలు ఒకావిడ ఆ పది రోజుల్లో మల్లెమొగ్గల డిజైనుతో క్రోషే టేబుల్ క్లాత్ సగం అల్లేసింది. ఇంకొకావిడ గోంగూర ఆకులు వలిచి పచ్చడి జాడీలు నింపింది. ఏ పనైనా సరే, రెండు చేతులూ అందులో ఉండాలి.

గడ్డ తగ్గినట్టు అనిపించినా అపాయింట్‌మెంట్ రద్దు చేయకండి. వెళ్ళి చూపించుకోండి.

6. రాత్రులు, దిగులుకు ఒక వేళ

పగలు ఏదో పనిలో గడిచిపోతుంది. పడుకోగానే మొదలవుతుంది. శీతాకాలంలో ఇక్కడ రాత్రి ఒంటిగంట అయితే ఇండియాలో ఉదయం ఆరున్నర, అమ్మ లేచి కాఫీ పెట్టుకునే వేళ. ఆ సమయంలో ఫోన్ చేయాలని మనసు లాగుతుంది. చేస్తే చేయండి. కానీ అప్పుడు ఏడుస్తూ మొదటిసారి చెప్పకండి, పగటిపూట స్థిమితంగా ఉన్నప్పుడు చెప్పండి.

నాకు ఒక నర్సు చెప్పిన పద్ధతి అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది. దిగులును ఆపాలని చూడకుండా దానికి ఒక వేళ కేటాయించడం. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆరూ ఇరవై వరకు ఒక నోటుబుక్ తీసుకుని, భయపెట్టేవన్నీ రాయాలి. పేజీ మధ్యలో గీత గీయాలి. ఎడమవైపు నేను ఇప్పుడు చేయగలిగినవి రాయాలి: క్లినిక్‌కి ఫోన్ చేయడం, సెలవు పెట్టడం. కుడివైపు నా చేతిలో లేనివి: రిపోర్టు ఏమొస్తుందో, పిల్లలేమైపోతారో. ఎడమవైపున్న వాటిలో ఒకటి మర్నాడు చేయాలి. కుడివైపువి రాసేసి, పుస్తకం మూసేయాలి. మధ్యాహ్నం ఆఫీసులో భయం వచ్చినప్పుడు "ఆరింటికి చూద్దాం" అని వాయిదా వేయాలి. మొదటి రెండు రోజులు ఇది కుదరదు. మూడో రోజు నుంచి మనసు ఆ వేళకు అలవాటు పడుతుంది. సాయంత్రమే పెట్టుకోండి, పడుకునే ముందు మాత్రం వద్దు.

అర్ధరాత్రి గుండె దడదడలాడితే లేచి కూర్చోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. అయిదు నిమిషాలు అలా చేస్తే దడ కొంత దిగుతుంది. విష్ణుసహస్రనామమో, హనుమాన్ చాలీసానో, బైబిల్ కీర్తనో, దువానో, మీకు నోటికి వచ్చింది మెల్లగా చదువుకున్నా ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది. అరగంటైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి వేరే గదిలో కూర్చుని, నిద్ర వచ్చాక మళ్ళీ రండి. మధ్యాహ్నం రెండు తర్వాత టీ, కాఫీ మానేయండి.

పగలు అరగంట నడవండి. తిండి మానకండి. చారన్నమైనా సరే, పెరుగన్నమైనా సరే, వేళకు రెండు ముద్దలు.

రోజుల తరబడి అన్నం సహించక, పని చేయలేక, ఏడుపు ఆగకపోతే జీపీతో చెప్పండి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కి (దిగులు, ఆందోళనలకు కౌన్సెలింగ్ సేవ) జీపీ అవసరం లేకుండా మీరే పేరు ఇచ్చుకోవచ్చు. బతకాలని లేదనిపిస్తే ఆ క్షణమే సమారిటన్స్‌కి 116 123లో ఫోన్ చేయండి, రాత్రీ పగలూ ఎత్తుతారు. ప్రమాదం అనిపిస్తే అత్యవసర నంబరు 999.

7. "హైదరాబాద్ వెళ్ళి చూపించుకుంటే?"

ప్రతి ఇంట్లోనూ వచ్చే మాట ఇది. అక్కడైతే ఒక్క రోజులో స్కాన్, మామోగ్రామ్ అన్నీ అయిపోతాయి, నిజమే. నా అభిప్రాయం మాత్రం వెళ్ళవద్దనే. టికెట్, ప్రయాణం, జెట్‌లాగ్ అన్నీ లెక్కేసుకుంటే ఇక్కడి అపాయింట్‌మెంటే ముందు వస్తుంది. పైగా అక్కడ సగం, ఇక్కడ సగం చేయించుకుంటే రిపోర్టులు అతకవు, ఇక్కడి డాక్టర్లు చాలాసార్లు స్కాన్ మళ్ళీ తీస్తారు. ఇప్పటికే ఇండియాలో ఉంటే సరే, చూపించుకోండి. కానీ పరీక్ష పూర్తికాకుండా గడ్డను తీసేద్దామంటే ఒప్పుకోకండి, ముందు సూదితో చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ చేయమనండి. స్కాన్ ఫిల్ములు, బయాప్సీ స్లైడులు వెంట తెచ్చుకోండి. అక్కడి రిపోర్టులో "బైరాడ్స్" అని ఒక అంకె ఉంటుంది. 0 అంటే ఇంకో పరీక్ష కావాలని, 2 అంటే మామూలు మార్పని, 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకు మించదని, కొన్ని నెలల తర్వాత మళ్ళీ చూడాలని. 3 చూసి "మూడో స్టేజ్" అనుకుని కుప్పకూలిన కుటుంబం ఒకటి నాకు తెలుసు. ఆ అంకెకూ స్టేజికీ సంబంధం లేదు.

వీసా గురించి భయం కూడా ఉంటుంది. వీసాతో పాటు ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ (ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం కోసం కట్టే రుసుము) కట్టి వచ్చినవాళ్ళకు (విద్యార్థులకు 776) ఈ పరీక్షలకు వేరే బిల్లు రాదు. ఎన్‌హెచ్‌ఎస్ చికిత్స వీసా నిబంధనల్లోని "పబ్లిక్ ఫండ్స్" కింద లెక్కకు రాదు. డిపెండెంట్ వీసాలో ఉన్న భార్యకూ ఇదే వర్తిస్తుంది. విజిటర్ వీసాలో వచ్చిన అమ్మానాన్నల విషయం వేరు, వాళ్ళకు ఆసుపత్రి చికిత్సకు బిల్లు వేస్తారు.

8. క్లినిక్ రోజు

సగం రోజు ఖాళీ పెట్టుకోండి. మూడు నాలుగు గంటలు పట్టడం మామూలే, ఎక్కువసేపు కూర్చోబెట్టారంటే ఏదో ఉందని కాదు. నడుము పైభాగం ఒక్కటే విప్పేలా కుర్తా, ప్యాంటు వేసుకోండి, చీర వద్దు. ఆ పొద్దున డియోడరెంట్, పౌడర్, క్రీమ్ రాసుకోకండి, అవి మామోగ్రామ్‌లో మచ్చల్లా కనిపించవచ్చు. మంగళసూత్రం, నల్లపూసలు ఫొటోకు అడ్డు వస్తాయి. తీయడానికి మనసు ఒప్పకపోతే, వెనక్కి వేసుకుంటే సరిపోతుందా అని మామోగ్రామ్ తీసే ఆమెను అడగండి. తీస్తే మీతో వచ్చినవాళ్ళ చేతికివ్వండి.

ఆడ డాక్టరు కావాలంటే తేదీ ఖాయమైనప్పుడే ఫోన్ చేసి అడగండి, వీలుంటే ఇస్తారు. మామోగ్రామ్ తీసేది సాధారణంగా ఆడవాళ్ళే. పరీక్ష సమయంలో పక్కన ఇంకో మనిషి ఉండాలని అడిగే హక్కు మీకుంది. దుభాషి కావాలంటే అదీ ఉచితమే. అత్తగారినో అమ్మనో తీసుకెళ్ళేవాళ్ళకు చెప్పేదేమంటే, భర్తనో కొడుకునో దుభాషిగా పెట్టుకోకండి. ప్రేమ కొద్దీ వాళ్ళు మాటలు మింగేస్తారు. పెద్దామెకు తన శరీరం గురించి సగమే తెలుస్తుంది.

ముందు డాక్టరు రెండు రొమ్ములూ, చంకలూ చేత్తో చూస్తారు. 40 దాటితే సాధారణంగా మామోగ్రామ్, అవసరమైతే అల్ట్రాసౌండ్ కూడా. 40 లోపు వాళ్ళ రొమ్ములు చిక్కగా ఉంటాయి, మామోగ్రామ్‌లో సరిగ్గా కనిపించవు కాబట్టి అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు. మామోగ్రామ్‌లో రొమ్మును రెండు పలకల మధ్య కొన్ని సెకన్లు అదుముతారు. అసౌకర్యంగా ఉంటుంది, కొందరికి నొప్పిగా ఉంటుంది, వెంటనే వదిలేస్తారు. గర్భవతి అయ్యే అవకాశం ఉంటే, పాలిస్తుంటే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

అవసరమనిపిస్తే సూదితో ముక్క తీస్తారు, అదే బయాప్సీ. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చాక స్టాప్లర్ కొట్టినట్టు "టక్" మని శబ్దం వస్తుంది. ఆ శబ్దం గురించి ముందే తెలిస్తే ఉలిక్కిపడరు. తర్వాత కొన్ని రోజులు కమిలి నీలంగా ఉంటుంది. "సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది" అనే మాట విని బయాప్సీకి ఒప్పుకోని ఆడవాళ్ళు ఉన్నారు. ఆ భయంతో పరీక్ష మానుకోకండి, నష్టం ఆలస్యం వల్లే జరుగుతుంది. బయాప్సీ తీశారంటే క్యాన్సర్ అనీ కాదు. మామూలు గడ్డని ఖాయం చేసుకోవడానికి కూడా తీస్తారు. నాకూ తీశారు.

చెప్పేవన్నీ గుర్తుండవు. తోడు వచ్చినవాళ్ళను రాసుకోమనండి. బయటికి వచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి: రిజల్ట్ ఎప్పుడు, ఎవరు చెబుతారు, ఫోన్లోనా ఎదురుగా కూర్చోబెట్టా. రాకపోతే నేనెవరికి ఫోన్ చేయాలి అన్నది కూడా.

9. బయాప్సీ రిపోర్టు కోసం మళ్ళీ ఎదురుచూపు

చాలామందికి ఆ రోజే "ఏమీ లేదు, ఇంటికి వెళ్ళండి" అని చెప్పేస్తారు. బయాప్సీ తీసినవాళ్ళు ఇంకో వారం, కొన్నిసార్లు రెండు వారాలు ఆగాలి. సర్జన్, రేడియాలజిస్ట్, పాథాలజిస్ట్ అంతా కలిసి కూర్చునే సమావేశంలో మీ రిపోర్టు చూస్తారు, ఆలస్యానికి కారణం అదే. ఈ రెండో ఎదురుచూపు మొదటిదానికన్నా కష్టం. సాయంత్రం ఆరింటి నోటుబుక్ మళ్ళీ తీయండి.

రిజల్ట్ కొన్నిసార్లు డాక్టరు చెప్పేలోపే యాప్‌లో కనిపించవచ్చు. చూడాలా వద్దా అన్నది ముందే నిర్ణయించుకోండి. ఆఫీసు లిఫ్ట్‌లో ఒంటరిగా తెరవకండి. చూసేవాళ్ళకు చిన్న వివరం: బి1 అంటే మామూలు కణాలు, బి2 అంటే హానిలేని మార్పు, బి3 అంటే ఎటూ తేలనిది, ఇంకా చూడాలి. బి4 అనుమానం, బి5 క్యాన్సర్.

క్యాన్సర్ అని తేలితే ఆ రోజే మీకు ఒక బ్రెస్ట్ కేర్ నర్సును కేటాయిస్తారు, ఆమె ఫోన్ నంబరు తీసుకోండి. అక్కడినుంచి ఏ ప్రశ్నకైనా ఆమే మీ మొదటి మనిషి. రిఫరల్ నుంచి 62 రోజుల్లోపు చికిత్స మొదలుపెట్టడం ఇక్కడి లక్ష్యం.

క్యాన్సర్ కాదని తేలినవాళ్ళకు వెంటనే సంతోషం రాకపోవచ్చు. నాకు కారు పార్కింగ్‌లో ఏమీ అనిపించలేదు. వారం తర్వాత అన్నం వండుతూ ఉండగా ఏడుపొచ్చింది. ఒళ్ళు ఇన్ని రోజులు బిగబట్టుకుని ఉంది కదా, దానికి కొంత సమయం ఇవ్వండి. క్లినిక్ ఇచ్చిన ఉత్తరం కాపీ దాచుకోండి, ఊరు మారినా, ఇండియాకు తిరిగి వెళ్ళిపోయినా పనికొస్తుంది. తర్వాత ఎప్పుడైనా కొత్త గడ్డ, చర్మం లోపలికి లాగినట్టు సొట్ట, చనుమొన లోపలికి పోవడం, రక్తపు స్రావం కనిపిస్తే "పోయినసారి ఏమీ లేదన్నారు కదా" అని ఊరుకోకండి. పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ అదే నంబరుకు ఫోన్ చేయండి.